సూరిబాబు కారు పాత చప్పుడు

పెదగరువులో సూరిబాబు కారు బయల్దేరిందంటే కాలవ అవతలివాళ్లకు కూడా తెలిసిపోయేది. టకటక, టకటక, టకటక, టకటక, గుప్. నాలుగు టకటకలకు ఒక గుప్పు. ఆ గుప్పు వచ్చినప్పుడల్లా కారు తుమ్మినట్టు ఒక్కసారి ఊగేది. వీధి మధ్యలో పడుకున్న కుక్క ఆ చప్పుడు విని లేచి, అరుగు పక్కకు తప్పుకుని, కారు వెళ్లాక మళ్లీ వచ్చి అదే చోట పడుకునేది. హారన్ కొట్టాల్సిన అవసరం సూరిబాబుకు ఎప్పుడూ రాలేదు.

అతను ఇరవై రెండేళ్లు కొత్తరేవులో ఒక డాక్టరుగారి దగ్గర డ్రైవరుగా చేశాడు. రెండేళ్ల కిందట డాక్టరుగారు ప్రాక్టీసు మానేసిన రోజున కారు తాళాలు అతని చేతిలో పెట్టి, దీని జబ్బులు నీకు తెలిసినంత నాకు తెలీదు, నువ్వే చూసుకో అన్నారు. అప్పటినుంచీ ఊళ్లో పురుళ్లకీ పెళ్లిచూపులకీ ఆ కారే దిక్కు.

సూరిబాబు కూతురు పుష్యమి పదో తరగతి. ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో బళ్లో చాలామందికి తెలీదు. హాజరు పిలిచినప్పుడు 'ప్రెజెంట్ సార్' అనేది గానీ ఆ మాట ముందు బెంచీ దాకా కూడా వెళ్లేది కాదు. అందువల్ల తొమ్మిదో తరగతిలో సగం రోజులు రిజిస్టరులో ఆబ్సెంటు పడింది. ఆమె ప్రోగ్రెస్ కార్డులో హాజరు నలభై రెండు శాతం అనీ, దాని కిందే 'క్రమం తప్పక బడికి వచ్చును' అనీ ఒకే మాస్టారు ఒకే పెన్నుతో రాశారు. పుష్యమి దాన్ని సరిదిద్దమని అడగలేదు. అడగాలంటే మాట్లాడాలి గదా.

ఆ మార్చిలో పదో తరగతి పరీక్షలు. కేంద్రం పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న కొత్తరేవు. పరీక్ష తొమ్మిదిన్నరకి మొదలు. పెదగరువు నుంచి పొద్దున వెళ్లే బస్సు కొత్తరేవు చేరేది పదింటికి. బస్సు వేళ మార్చమని అడిగితే పరీక్ష వేళ మార్పించుకోమన్నారు. పరీక్షలవాళ్లను అడిగితే బస్సు సంగతి చూసుకోమన్నారు. చివరకు ఊళ్లో పరీక్ష రాసే ఐదుగురు ఆడపిల్లలూ సూరిబాబు కారులో వెళ్లాలని తేలింది.

తేలిన మరునాడే సూరిబాబుకు బెంగ పట్టుకుంది. ఇన్నాళ్లూ ఆ చప్పుడును అతను పట్టించుకోలేదు. ఇప్పుడు ఐదుగురు పిల్లల్ని ఎక్కించుకుని వెళ్తూ దారి మధ్యలో ఇంజను చేతులెత్తేస్తే ఏంటి గతి అని ఆలోచించి, ఆదివారం పొద్దున్నే బానెట్ ఎత్తాడు.

"చప్పుడు పైనుంచా కిందనుంచా, అది తెలిస్తే సగం పనైనట్టే అమ్ములూ," అన్నాడు కూతురితో. "కిందనుంచి అయితే మనవల్ల కాదు. పైనుంచి అయితే మనింట్లో పనే."

పొడుగు స్క్రూడ్రైవరు మొనను ఇంజను మీద పెట్టి, కొయ్య పిడిని చెవి వెనక ఎముకకు ఆనిస్తే లోపల జరిగేదంతా పక్కగదిలో మాటల్లా వినబడుతుంది. కానీ ఇన్నేళ్లూ ఆ ఇంజను పక్కనే గడిపిన సూరిబాబు చెవులకు ఇప్పుడు అన్ని చప్పుళ్లూ ఒక్కలాగే ఉన్నాయి. అందుకని అతను లోపల కూర్చుని ఆక్సిలరేటరు నొక్కుతుంటే పుష్యమి స్క్రూడ్రైవరు పట్టుకుని ఇంజను మీద వేలెడు వేలెడు జరుపుతూ వింది. మాట్లాడని పిల్ల వినడంలో గట్టిది. విన్నదల్లా రఫ్ నోట్సులో రాసింది.

'చల్లగా ఉన్నప్పుడు టకటక బాగా ఎక్కువ. ఇరవై నిమిషాలు తిరిగాక తగ్గింది. కింద ఆయిల్ చాంబర్ దగ్గర ఏమీ లేదు. పై మూత మీద మధ్య బోల్టు దగ్గర ఎక్కువ. ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకాం. మొదటి మూడింటిలో ఏది పీకినా ఇంజను వణికింది. నాలుగోది పీకితే ఏమీ తేడా లేదు. అంటే నాలుగోది అక్కడ ఊరికే కూర్చుంది.'

"ఊరికే కూర్చుందా," అని సూరిబాబు ఆ ప్లగ్గు విప్పి చూశాడు. మసిపట్టి బొగ్గులా ఉంది. గుప్పు దానిదే. టకటక కోసం పై మూత తీశారు. వాల్వులను నొక్కే టాపెట్లు అక్కడ వరసగా ఉన్నాయి. గ్యాపు కొలిచే రేకులు వాళ్ల దగ్గర లేవు. డాక్టరుగారి కాలం నుంచీ సూరిబాబుకు తెలిసిన కొలత ఒకటే. మూడు షేవింగు బ్లేళ్లు కలిపితే ఎంత మందమో అంత సందు. అన్నిటిలోనూ మూడు బ్లేళ్లు దూరాయి. ఐదో టాపెట్లో మాత్రం ఐదు బ్లేళ్లు దూరి ఇంకా ఆడుతున్నాయి.

తండ్రీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. టాపెట్ బిగించారు. కొత్త ప్లగ్గు వేశారు. పాత ప్లగ్గును పుష్యమి తల్లి రత్నం మిగతా ఇనుప సామాన్లతో కలిపి ఉల్లిపాయలవాడికి వేసి, బదులుగా ఉల్లిపాయలు తీసుకుంది.

ఆ సాయంత్రం కారు వీధిలోకి వచ్చింది. ఎవరూ తల తిప్పలేదు. కుక్క లేవలేదు. సూరిబాబు కారు ఆపి, దిగి, కుక్కను బతిమాలి పక్కకు పంపాల్సి వచ్చింది. టీ కొట్టు దగ్గర నలుగురు, బండి ఇంజను తీసేసి ఏమైనా తోసుకొస్తున్నావా సూరిబాబూ అని అడిగారు. అతనికి అంతకంటే గొప్ప మెచ్చుకోలు ఎప్పుడూ దొరకలేదు.

ఈ సంతోషం సరిగ్గా తొమ్మిది రోజులు నిలిచింది. పదో రోజున, అంటే పరీక్షలకు ముందు మంగళవారం, నాదముద్ర కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది.

నాదముద్ర సంగతి కొంచెం చెప్పాలి. అంతకు ముందు ఏడాది వాహన నాద గుర్తింపు సంస్థ అని ఒకటి పుట్టింది. పాత బండికి రంగు మార్చవచ్చు, నంబరు ప్లేటు మార్చవచ్చు, కానీ దాని గొంతు ఎవరూ మార్చలేరు అని ఒక పెద్దమనిషికి ఏదో సభలో తోచింది. సభ చప్పట్లు కొట్టింది. పెద్దమనుషుల మాటకు చప్పట్లు పడితే ఆ మాటకు ఆఫీసు కట్టకుండా ఉండలేరు. పదిహేనేళ్లు దాటిన ప్రతి బండినీ కొత్తరేవు మార్కెట్ యార్డుకు రప్పించి, ఇంజను చప్పుడు రికార్డు చేసి, అదే ఆ బండి నాదముద్ర అని రాసుకున్నారు. ఏడాదికోసారి వచ్చి అదే నాదం మళ్లీ వినిపించాలి. నూటికి డెబ్భై ఐదు సరిపోలితే ధ్రువపత్రం ఇస్తారు. లేకపోతే లేదు.

సూరిబాబు కారు వంతు వచ్చిన రోజు గట్టి చలి. రాత్రంతా క్యూలో ఆగి, పొద్దున్న ఆరింటికి మంచులో వణుకుతూ ఆ కారు తన జన్మలోకెల్లా గొప్ప చప్పుడు చేసింది. అక్కడున్న అధికారి, ఇంత స్పష్టమైన నాదం జిల్లాలో మరొకటి లేదని మెచ్చుకున్నాడు కూడా.

ఉత్తరంలో శనివారం మధ్యాహ్నం ఒంటిగంటలోగా నాదం సరిపోల్చుకోవాలనీ, లేనిపక్షంలో సోమవారం నుంచి ఆ వాహనం ఏ రోడ్డు మీద కనబడినా స్వాధీనం చేసుకుంటారనీ ఉంది. సోమవారమే తెలుగు పరీక్ష.

బుధవారం పొద్దున సూరిబాబు కొత్తరేవులోని ఆ కార్యాలయానికి నిశ్చింతగా బయల్దేరాడు. బడికి సెలవులిచ్చారు కాబట్టి పుష్యమి పక్కన కూర్చుని వ్యాసాలు చదువుకుంటూ వెళ్లింది.

ఉప నాద తనిఖీ అధికారి చిదానందంగారు రెండు చెవుల్లోనూ దూది పెట్టుకుని ఉన్నారు. రోజంతా పాత బండ్ల చప్పుళ్లు వింటే చెవులు పాడవుతాయని సంస్థ ఆయనకు నెలకో దూది చుట్ట ఇస్తుంది. ఆయన ఏమీ వినరు. మిషను తెర మీద అంకె చూస్తారు. సూరిబాబు కారు స్టార్టు చేయగానే తెర మీద పదకొండు అని పడింది.

చిదానందంగారు ఒక చెవిలో దూది తీసి అన్నారు. "మీరు సమర్పించిన నిశ్శబ్దం మా రికార్డులోని నాదంతో సరిపోలడం లేదు."

"రిపేరు చేశామండి. టాపెట్ బిగించామండి."

"అంటే వాహన స్వరాన్ని తమ నివాసం వద్ద, ఎట్టి అనుమతీ లేకుండా మార్చినట్టు తామే అంగీకరిస్తున్నారు."

"మార్చడం కాదండి. బాగుచేశాం."

"బాగు అన్న పదం మా నియమావళిలో లేదు. మార్పు అని మాత్రమే ఉంది."

తరువాత ఆయన ఎంతో ఓపికగా విషయం విడమరిచి చెప్పారు. ఈ నాదం ఆ కారుది కాదు. కాబట్టి ఇది ఆ కారు కాదు. ఇది ఆ కారు కానప్పుడు ఆ కారు కనబడకుండా పోయినట్టు. పోయిన కారు గురించి ఫిర్యాదు ఇవ్వకపోవడం యజమాని చేసిన మొదటి తప్పు. పోయిన కారు నంబరు తగిలించుకుని తిరుగుతున్న గుర్తు తెలియని కారులో కూర్చుని, అదే పోయిన కారు ధ్రువపత్రం కోసం రావడం రెండో తప్పు.

"ఇదే అదండి," అన్నాడు సూరిబాబు.

"అది తమ అభిప్రాయం. అభిప్రాయాలకు బయట వరండాలో పెట్టె ఉంది."

దారి లేకపోలేదనీ, స్వర మార్పిడి దరఖాస్తు అని ఒకటి ఉందనీ ఆయనే చెప్పారు. పుష్యమి ఆ కాగితం చదివింది. స్వరం మారుటకు కారణము: వయసు, జలుబు, ఇతరము. దాని కింద, పాత స్వరమును, కొత్త స్వరమును అధికారి సమక్షంలో ఒకేసారి వినిపించవలెను అని ఉంది. పరిశీలనకు తొంభై పనిదినాలు.

బయట వరండాలో వాళ్లకు బుల్లెబ్బాయి కనబడ్డాడు. వాళ్ల పక్క ఊరి రైతు. ట్రాక్టరు తెచ్చాడు. చంకలో కోడిపుంజు ఉంది.

"మనది పుంజు సమస్యండి," అన్నాడు. కిందటేడు అతని ట్రాక్టరు చప్పుడు రికార్డు చేసేటప్పుడు మార్కెట్ యార్డు గోడ మీద ఒక పుంజు కూసిందట. ఆ కూతతో సహా అది ట్రాక్టరు నాదముద్ర అయిపోయింది. ఆ పుంజు ఎవరిదో, ఇప్పుడు ఎవరి కడుపులో ఉందో తెలీదు. రోజుకో పుంజును తెచ్చి కూయించి చూస్తున్నాడు. నిన్నటి పుంజుకు అరవై తొమ్మిది వచ్చిందట. ఆ పక్కనే ఒక స్కూటరాయన తన భార్యను బతిమాలుతున్నాడు. అతని స్కూటరు రికార్డు చేస్తున్న క్షణంలో ఆవిడ అతన్ని తిట్టింది. ఇప్పుడు అదే తిట్టు అదే గొంతుతో మళ్లీ తిట్టాలి. ఆవిడేమో, ఆ రోజు ఉన్నంత కోపం ఇవాళ లేదు, నన్ను వదిలెయ్యండి అంటోంది. ఆయన కోపం తెప్పించే ప్రయత్నంలో ఉన్నాడు.

సూరిబాబుకు దారి అర్థమైంది. కారును మళ్లీ పాడుచేయాలి.

ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే రత్నం నడుం మీద చెయ్యి వేసుకుంది. "బాగుచేసినప్పుడు తండ్రీకూతుళ్లు తెగ మురిసిపోయారుగా. ఇప్పుడు పాడుచేసి చూపించండి, చూద్దాం."

బాగుచేయడం కంటే పాడుచేయడం కష్టమని వాళ్లకు ఆ మధ్యాహ్నం తెలిసింది. మామూలుగా చప్పుడు విని జబ్బు పట్టుకుంటారు. ఇప్పుడు చప్పుడు తలుచుకుని జబ్బు తయారుచేయాలి. రఫ్ నోట్సు ఈసారి చివరి పేజీ నుంచి మొదటికి చదివారు. ఐదో టాపెట్ వదులు చేసి ఐదు బ్లేళ్లు దూర్చారు. ఆరోది దూరకపోతే ఇంకాస్త వదులు చేశారు. టకటక వచ్చింది. గుప్పు ఇచ్చే పాత ప్లగ్గు ఇంట్లో లేదు గానీ, డెబ్భై ఐదుకు టకటక చాలనుకున్నారు. కుక్క లేచింది. అదొక మంచి శకునమనుకుని గురువారం వెళ్లారు.

కొత్తరేవులో మెకానిక్ షెడ్ల బోర్డులు మారిపోయి ఉన్నాయి. ఒక షెడ్డు మీద 'పాత రిపేర్లు తిరిగి పెట్టబడును' అని రాశారు. ఇంకో షెడ్డులో మెకానిక్ ఒక జీపాయనను, తమకి ఏ నెల చప్పుడు కావాలండి అని మర్యాదగా అడుగుతున్నాడు. రేడియేటరులో చిల్లు సరిగ్గా పడలేదని ఒకాయన తగాదా పెట్టుకున్నాడు.

గురువారం తెర మీద యాభై ఎనిమిది పడింది.

ఆ సాయంత్రం పెదగరువంతా సూరిబాబు వాకిట్లోకి వచ్చింది. రెండేళ్లు ఆ చప్పుడు విన్న ఊరు అది. ప్రతివాళ్లకీ ఒక జ్ఞాపకం ఉంది. టీ కొట్టాయన, టకటకకీ టకటకకీ మధ్య ఇంకొంచెం ఆగేదన్నాడు. పోస్టాఫీసావిడ, లేదు, చప్పుడు ఎడమవైపు నుంచి వచ్చేదంది. ఒకావిడ ఆ చప్పుడుకు తన మనవడు నిద్రపోయేవాడనీ, ఇప్పటి చప్పుడుకు పోవట్లేదనీ సాక్ష్యం చెప్పింది. అందరి మాటా గౌరవించి సూరిబాబు పక్క టాపెట్ కూడా వదులు చేశాడు. పుష్యమి నోట్సు తెరిచి ఏదో చెప్పబోయింది. ఆమె నోరు తెరిచేలోగా ఇంకో ముగ్గురు మాట్లాడారు. ఆమె నోట్సు మూసేసింది.

శుక్రవారం నలభై తొమ్మిది.

"తమ వాహనం మూడు రోజుల్లో మూడు గొంతులతో మాట్లాడింది," అన్నారు చిదానందంగారు రాసుకుంటూ. "దీన్ని మోసం కింద పరిగణించాలా, ప్రతిభ కింద పరిగణించాలా అన్నది పై కార్యాలయం నిర్ణయిస్తుంది."

తిరుగుదారంతా సూరిబాబుది ఒకటే ఆలోచన. మిగతా నలుగురు పిల్లల తల్లిదండ్రులకు ఏం చెప్పాలి? ఇంటి ముందు కారు ఆపి స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. పుష్యమి నోట్సు తెరిచి, మొదటి పేజీ మొదటి వాక్యం మీద వేలు పెట్టి, తండ్రి మోకాలి మీద ఉంచింది.

'చల్లగా ఉన్నప్పుడు టకటక బాగా ఎక్కువ. ఇరవై నిమిషాలు తిరిగాక తగ్గింది.'

సూరిబాబు రెండుసార్లు చదివాడు. పద్నాలుగు కిలోమీటర్లు నడుపుకుని వెళ్లేసరికి ఇంజను వేడెక్కి మర్యాదగా తయారవుతోంది. రికార్డు చేసిన రోజు చలిలో, గంటలకొద్దీ క్యూలో ఆగి ఉన్న కారు అది. "నిన్ననే చెప్పొచ్చుగదే అమ్ములూ," అన్నాడు. చెప్పబోయానన్నట్టు ఆమె చూసింది.

శనివారం కారును స్టార్టు చేయకుండానే తీసుకెళ్లారు. బుల్లెబ్బాయి ట్రాక్టరుకు తాడు కట్టి లాగాడు. పక్క టాపెట్ తిరిగి బిగించి ఐదోదాన్ని మాత్రమే వదులుగా ఉంచారు. బుల్లెబ్బాయి ఒళ్లో ఐదో పుంజు ఉంది. అది దారంతా కూస్తూనే ఉంది. ఆఫీసు గేటు దగ్గరకు రాగానే మానేసింది.

క్యూ కదిలి వాళ్ల వంతు వచ్చేసరికి పన్నెండు ముప్పావు. మైకు పట్టుకునే అటెండరు సెలవులో ఉన్నాడు. చిదానందంగారు అటూ ఇటూ చూసి, "ఆ అమ్మాయిని పట్టుకోమనండి," అన్నారు. పుష్యమి మైకు పట్టుకుని తెరిచిన బానెట్ మీదకు వంగింది. చిదానందంగారు దూది సర్దుకుని మిషను ముందు కూర్చున్నారు. రోజుకు మూడు అవకాశాలు మాత్రమే ఉంటాయని గోడమీద బోర్డు ఉంది.

సూరిబాబు తాళం తిప్పాడు. చల్లటి ఇంజను దగ్గి లేచింది. టకటక, టకటక, టకటక, టకటక. అచ్చం ఆ చప్పుడే. తెర మీద డెబ్భై మూడు.

రెండోసారి. డెబ్భై మూడు.

"గుప్పు లేదే," అని సూరిబాబు గొణిగాడు. గుప్పు ఇచ్చే ప్లగ్గు ఉల్లిపాయలవాడితో ఏ ఊరు వెళ్లిందో. ఆ ఉల్లిపాయలు కూడా అయిపోయాయి.

మూడోసారి తాళం తిప్పాడు. పుష్యమి మైకును ఇంకాస్త దగ్గరకు జరిపింది. ఆమె గౌను జేబులో ఐదు హాల్ టిక్కెట్లున్నాయి. పారేసుకుంటారని మిగతా నలుగురివీ ఆమె దగ్గరే దాచారు, ఎందుకంటే పుష్యమి ఎవరికీ ఏమీ చెప్పదు. మొదటి టకటక. రెండోది. ఆ చప్పుడు ఆమెకు కంఠతా వచ్చు. స్క్రూడ్రైవరు పెట్టుకుని విని విని అది ఆమె చెవి వెనక ఎముకలో ఉండిపోయింది. మూడోది. నాలుగోది. తరువాత గుప్పు ఉండాల్సిన చోట ఏమీ లేదు. లేని మెట్టు మీద కాలు వేసినట్టయింది ఆమెకు.

"గుప్," అంది పుష్యమి.

అది ముందు బెంచీ దాటింది. వరండా దాటింది. స్కూటరాయన భార్య తిట్టడం ఆపి ఇటు చూసింది. టకటక, టకటక, టకటక, టకటక. "గుప్." ఈసారి బుల్లెబ్బాయి ఒళ్లో పుంజు కూడా మెడ నిక్కించింది.

తెర మీద తొంభై ఏడు.

"సరిపోలినది," అన్నారు చిదానందంగారు. దూది వల్ల ఆయనకు ఏమీ వినబడలేదు. స్టాంపు తీశారు. అంతా సజావుగా ముగిసేదే. కానీ బుల్లెబ్బాయి ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టి, "ఆయ్, అమ్మాయి గుప్పు ముందు కారు గుప్పు ఎందుకు పనికొస్తుందండీ," అన్నాడు. చప్పట్లు చూసి చిదానందంగారు దూది తీశారు. సంగతి తెలిసింది.

ఆయన చాలాసేపు నియమావళి తిరగేశారు. సూరిబాబు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గడియారం ఒంటిగంటకు ఐదు నిమిషాలు చూపిస్తోంది. చివరకు ఆయన ఒక పేజీ దగ్గర ఆగి, కళ్లద్దాలు సర్దుకుని పైకి చదివారు. నాదము బానెట్ నుండి ఒక మీటరు లోపల ఉత్పన్నము కావలెను.

"అమ్మాయి ఎంత దూరంలో ఉంది?"

"బానెట్లోనే ఉందండి," అన్నాడు సూరిబాబు.

నాదం ఎందులోంచి రావాలో నియమావళిలో లేదు. పైగా మిషను ఇచ్చిన అంకెను కొట్టేయాలంటే మైకు ఆ అమ్మాయి చేతికి ఎవరు ఇమ్మన్నారో పై కార్యాలయానికి మూడు ప్రతుల్లో వివరణ రాయాలి. చిదానందంగారు నిట్టూర్చారు. "నాదములో భాగము పంచుకొన్నది వాహనములో భాగమే అగును. నమోదు చేయక తప్పదు."

ధ్రువపత్రంలో వాహనమునకు చెందిన ఇతర పరికరములు అన్న చోట ఆయన స్వదస్తూరీతో ఇలా రాశారు. స్టెప్నీ, ఒకటి. జాకీ, ఒకటి. అమ్మాయి, ఒకటి.

"నమోదైన పరికరాలన్నీ లేకుండా వాహనం కదలరాదు," అని హెచ్చరించి, ఒంటిగంట కొడుతుండగా స్టాంపు వేశారు. తరువాతి వరుసలో ఉన్న బుల్లెబ్బాయికి సోమవారం రమ్మన్నారు. అతను పుంజు వంక ఒకసారీ, పుష్యమి వంక ఒకసారీ ఆశగా చూశాడు.

ఆదివారం సూరిబాబు చేసిన మొదటి పని ఐదో టాపెట్ మళ్లీ మూడు బ్లేళ్లకు బిగించడం. వదులు టాపెట్‌తో ఐదుగురు పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లడానికి అతని మనసు ఒప్పలేదు. దారిలో తనిఖీవాళ్లు ఆపి అడిగితే చప్పుడు ఎలాగరా అని టీ కొట్టాయన అన్నాడు. చప్పుడు మా అమ్మాయి దగ్గర ఉంది అన్నాడు సూరిబాబు.

సోమవారం ఏడున్నరకి కారు పిల్లిలా బయల్దేరింది. కుక్కను దిగి పక్కకు పంపారు. కొత్తరేవు మలుపులో చేతి మిషనుతో నాద తనిఖీ దళం ఉంది. ఆపారు. కాగితం చూశారు. బానెట్ ఎత్తి మిషను పెట్టారు. పుష్యమి దిగి నిలబడింది. నాలుగు టకటకలూ ఒక గుప్పూ ఒక్కతే ఊపిరి తీసుకోకుండా చేయలేనని ఆమెకు అప్పుడు తెలిసింది. వెనక సీట్లోని నలుగురు పిల్లల్ని చూసింది. వాళ్లు దిగారు. రెండేళ్లుగా ఆ చప్పుడు వింటూ ఆ వీధిలోనే తిరిగిన పిల్లలు, ఎవరికీ నేర్పాల్సిన పని లేదు. నలుగురూ తలో టకటక అందుకున్నారు. గుప్పు పుష్యమిది.

మిషను మీద తొంభై తొమ్మిది పడింది. తన నౌకరీలో అంత పెద్ద అంకె చూడలేదని దళంలోని ఉద్యోగి అన్నాడు. ఒక్క శాతం ఎక్కడ పోయిందని పిల్లలు పరీక్ష కేంద్రం దాకా ఒకరి మీద ఒకరు తోసుకున్నారు.

తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు హాల్లో ఇన్విజిలేటరు నంబర్లు పిలిచారు. పుష్యమి నంబరు వచ్చింది. ఆమె లేచి నిలబడింది.

"ప్రెజెంట్ సార్."

మూడు గదుల అవతలి ఇన్విజిలేటరు తలుపులోంచి తొంగి చూశారు. ఈ గదిలోని ఆయన చేతిలోంచి పెన్ను జారి కిందపడింది. ఆయన దాన్ని వెతుక్కుని తీసుకుని, ఆమె పేరు పక్కన టిక్కు రెండుసార్లు పెట్టారు.

బయట గేటు ముందు కారు ఆగి ఉంది. పరీక్ష కేంద్రం దగ్గర బండ్లు నిలపకూడదని కానిస్టేబులు వచ్చి అద్దం మీద కొట్టాడు. సూరిబాబు ఎంతో వినయంగా ధ్రువపత్రం తీసి, ఇతర పరికరములు అన్న చోట వేలు పెట్టి చూపించాడు.

"కదపకూడదండి," అన్నాడు. "ఒక పరికరం లోపల తెలుగు పేపరు రాస్తోంది."